ఎర్ర కుర్చీ, నల్ల నీళ్లు

బాలకిషన్ సేటు తన కొట్లోని కుర్చీ మీద కావాలనే టీ పోశాడు.

“అయ్యో!” అంది శ్రీవాణి. పక్కనే ఉన్న తమ్ముడు శ్రేయస్ నోరు తెరిచాడు. సేటు మాత్రం తాపీగా గ్లాసులో మిగిలిన టీ తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

“గిప్పుడు చూడుండ్రి తమాషా.”

కుర్చీ మెత్త మీద టీ మరక మెల్లగా పాకుతోంది. సేటు ఒక మిషన్ని ముందుకు లాగాడు. అది చిన్న బకెట్ అంత ఉంది. రెండు పక్కలా రెండు ట్యాంకులు. ఒకదాంట్లో మంచినీళ్లున్నాయి, రెండోది ఖాళీగా ఉంది. మిషన్ నుంచి ఒక గొట్టం, గొట్టం చివర అరచేయంత బ్రష్షు. సేటు మీట నొక్కగానే బ్రష్షులోంచి నీళ్లు చిమ్మాయి. నాలుగుసార్లు రుద్ది, గొట్టాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నాడు. మరక కదిలింది. గొట్టంలోకి ఎక్కింది. ఖాళీ ట్యాంకులోకి బుడబుడమంటూ దూకింది.

కుర్చీ మీద తడి తప్ప ఏమీ మిగల్లేదు.

శ్రీవాణి ఆ ట్యాంకునే చూస్తూ ఉండిపోయింది. ఆమెకొక అలవాటుంది. ఏదైనా నచ్చిందంటే ఇక ఆ వస్తువు ఒక్కటే కనిపిస్తుంది. చుట్టూ ఉన్న గది, మనుషులు, మాటలు అన్నీ ఎటో వెళ్లిపోతాయి. క్లాసులో టీచర్ రెండుసార్లు పిలిస్తేగానీ పలకకపోవడం కూడా అందుకే.

“వ్యాక్యూమ్ ఉంటది గదా సేటూ, గసొంటిదేనా ఇది?” అని అడిగింది అమ్మ.

“కాదక్కా. వ్యాక్యూమ్ పొడి దుమ్మును గుంజుతది, గంతే. ఇది నీళ్లు కొట్టి, మరకను నానబెట్టి, నీళ్లతో సహా మల్ల గుంజుకుంటది. మొన్ననే బల్లార్షాల దిగింది సరుకు.”

“బొగ్గు మరక పోతదా?”

సేటు ఒక్కసారి అమ్మ ముఖం చూశాడు. చుట్టూ బొగ్గు గనులున్న చంద్రపూర్‌లో కొట్టు నడిపేవాడికి ఆ ప్రశ్న కొత్త కాదు. “పోతది. కాకపోతె ముందుగాల పొడిగ దులుపాలె. తర్వాతనే తడి. ముందే తడి చేస్తె కాటుక పూసినట్టయితది,” అన్నాడు.

వాళ్లు కొట్టుకి వచ్చింది బొగ్గు మరక కోసమే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, బాపు కోసం.

బాపుకి గనిలో, బొగ్గు మోసే పొడవాటి బెల్టు దగ్గర డ్యూటీ. ఇంటికి రాగానే స్నానం చేస్తాడు. ఎంత రుద్దుకున్నా మెడ మడతల్లో, చెవుల వెనక, గోళ్ల అంచుల్లో కొంచెం నలుపు మిగిలే ఉంటుంది. చెమట పట్టగానే అది బయటికొస్తుంది. ఎండాకాలంలో ఇంట్లోకి కొత్త సోఫా వచ్చింది. మీగడ రంగు సోఫా. ఆ రంగే కావాలని పట్టుబట్టింది శ్రీవాణి. సోఫా వచ్చిన రోజు నుంచి బాపు తలుపు దగ్గర ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు.

“సోఫాల కూసో బాపూ,” అని శ్రీవాణి చాలాసార్లు అడిగింది.

“నేను లేచినంక నల్లగైతది బిడ్డా. నాకు గీడనే మంచిగుంటది.”

సాయంత్రం అందరూ టీవీ చూసేవారు. అమ్మా, తనూ, తమ్ముడూ సోఫాలో ఒకరినొకరు తోసుకుంటూ కూర్చునేవారు. నవ్వొచ్చే సీన్ వస్తే ముగ్గురూ ఒక్కసారే నవ్వేవారు. బాపు నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా, తలుపు దగ్గర్నుంచి వినిపించేది. ఆ ఆలస్యం శ్రీవాణికి నచ్చేది కాదు. ఎందుకు నచ్చదో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేది.

సేటు మూడు మిషన్లు వరుసగా పెట్టాడు.

అన్నిటికంటే పెద్దది నల్లగా, చక్రాలతో ఉంది. ఆన్ చేస్తే విమానం లేచినట్టు మోగింది. “ఇదే అమ్మా! ఇదే తీస్కుందాం!” అని గెంతింది శ్రీవాణి. అంత చప్పుడు చేసేది తప్పకుండా గొప్పదే అయి ఉండాలి.

అమ్మ దాన్ని ఆపమంది. తర్వాత శ్రీవాణి ఊహించని పని చేసింది. ట్యాంకు నిండా నీళ్లు పోయించి, ఒంటిచేత్తో ఎత్తి చూసింది. అది నేల నుంచి లేవలేదు.

“ఖాళీగున్నప్పుడు అన్నీ అల్కగనే ఉంటయి. మాది రెండో అంతస్తు. మురికినీళ్లు మోరిల పారబోసుడు నేనే గదా,” అంది అమ్మ.

రెండోది చేతిలో పట్టేంత చిన్నది. వైరు లేదు, బ్యాటరీతో పనిచేస్తుంది. శ్రేయస్ దాన్ని తుపాకీలా పట్టుకుని సేటుకే గురిపెట్టాడు. అమ్మ దాని ట్యాంకు తెరిచి చూసి నవ్వింది. “ఇది కార్లున్నోళ్లకు సేటూ. మా సోఫా కడుగుడు మొదలువెడితె దీనితోని దీపావళి దాక కడుగాలె.”

మూడోది సేటు టీ మరక తీసిన మిషనే. ఆకుపచ్చ రంగు. అమ్మ దాన్ని నింపి ఎత్తింది. మెట్లు ఎక్కుతున్నట్టు నాలుగడుగులు నడిచి చూసింది. గొట్టాన్ని మొత్తం చాపి, సోఫా ఈ చివర నుంచి ఆ చివరకి అందుతుందో లేదో చేతులతో కొలిచింది. మురికి ట్యాంకులోకి చేయి పోనిచ్చి, మూలల దాకా వేళ్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంది. తర్వాత తన దస్తీ తీసి, టీ మరక పోయిన చోట గట్టిగా అదిమిపెట్టింది. దస్తీ కొంచెమే తడిసింది.

“నీళ్లు మంచిగనే గుంజింది. తడి మిగిల్తె గీ వానకాలంల సోఫా ముక్కిన వాసనొస్తది,” అంది.

“ఏందక్కా, పెండ్లిసంబంధం చూసినట్టు చూస్తున్నవు!” అన్నాడు సేటు.

“సంబంధమైతె ఊరంత చెప్తరు మంచిచెడ్డలు. మిషన్ గురించి నువ్వొక్కనివే చెప్తవు. నువ్వేమో అమ్మేటోనివి.”

సేటు పగలబడి నవ్వాడు. అమ్మ ఇంకా అయిపోలేదన్నట్టు చేయెత్తింది. “దీన్ని లోపలి గదిల పెట్టి, తలుపు మూసి ఆన్ చెయ్యి.”

“గదెందుకక్కా?”

“మా ఇంట్ల నైట్ డ్యూటీ పడ్డప్పుడు పగలు పండుకునే మనిషున్నడు.”

సేటు మిషన్ని లోపలికి తీసుకెళ్లాడు. అమ్మ మూసిన తలుపు బయట నిలబడి, తల ఒక పక్కకి వంచి వింది. బజారులో ఆటోలు హారన్లు కొడుతున్నాయి, ఎవరో బేరమాడుతున్నారు. వాటి మధ్య అమ్మ ఆ ఒక్క చప్పుడే వింటోంది. శ్రీవాణి మొదటిసారి మిషన్ని వదిలేసి అమ్మని చూసింది. తను చూసింది మిషన్ ఎంత గొప్పదో. అమ్మ చూసింది ఇంట్లో ఎవరెవరు ఉన్నారో. మా అమ్మ ఎంత తెలివైనదో అనుకుంది శ్రీవాణి, ఛాతీ ఉప్పొంగుతుంటే.

ఆకుపచ్చ మిషన్ ఆటోలో శ్రీవాణి ఒళ్లో కూర్చుని ఇంటికి వచ్చింది.

ఆదివారమైనా బాపుకి డ్యూటీ ఉంది. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని, అలవాటుగా తలుపు దగ్గరికి నడిచాడు. అక్కడ కుర్చీ లేదు. శ్రేయస్ దాన్ని బాల్కనీలో దాచేశాడు.

“నా కుర్చేదిరా?”

“సోఫాల కూసో బాపూ! ఇగ ఏం కాదు. మిషన్ తెచ్చినం!”

శ్రీవాణి బాపు చేయి పట్టుకుని లాక్కెళ్లింది. బాపు సోఫా అంచున కూర్చున్నాడు, రైల్లో రిజర్వేషన్ లేని మనిషి సీటు చివర కూర్చున్నట్టు. కాసేపటికి కొంచెం వెనక్కి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. చివరికి వీపు మొత్తం ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

“అబ్బ! గింత మెత్తగుంటదా ఇది!”

అమ్మ టీ తెచ్చింది. టీవీలో ఎవడో అరటిపండు తొక్క మీద జారి పడ్డాడు. నలుగురూ ఒక్కసారే నవ్వారు. బాపు నవ్వు ఈసారి ఆలస్యం కాలేదు, శ్రీవాణి చెవి పక్కనే మోగింది. ఆ క్షణం ఆమెకి ముక్కలు పేర్చే బొమ్మలో ఆఖరి ముక్క సరిగ్గా అతికినట్టు అనిపించింది.

బాపు గ్లాసు పెట్టి రావడానికి లేచాడు.

సోఫా మీద లేత బూడిద రంగులో ఒక ఆకారం మిగిలింది. వీపంత వెడల్పుగా, పైన తలంత గుండ్రంగా.

శ్రీవాణి కళ్లు మెరిశాయి. ఇక ఆమెకి మిషన్ తప్ప ఏమీ కనిపించలేదు. సేటు చెప్పినట్టే ముందు పొడి బ్రష్షుతో దులిపింది. తర్వాత మీట నొక్కి నీళ్లు కొట్టి, రుద్ది, గొట్టాన్ని మెల్లగా లాగింది. బుడబుడబుడ. మీగడ రంగు మళ్లీ బయటపడింది. ట్యాంకులో నీళ్లు నల్లగా, చిక్కగా చేరాయి. పైన నురగ కూడా నల్లగానే ఉంది.

ఎంత అద్భుతం! చేత్తో ఇలా అంటే మరక అలా వచ్చేసింది. ఇలాంటిది ఒక్కళ్లే చూస్తే ఎలా?

ట్యాంకు ఊడదీసి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని వరండాలోకి పరుగెత్తింది. పక్కింటి రుక్మిణి కాకూ బియ్యం ఏరుతోంది. ఆమె కొడుకు అక్షయ్, శ్రేయస్ దోస్తు, గోళీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

“కాకూ! అక్షయ్! చూడుండ్రి! మా బాపు కూసున్న కాడ వచ్చిన నీళ్లు!”

అక్షయ్ గోళీలు వదిలేసి వచ్చాడు. “అరే బాప్‌రే! కితీ కాళం!” అన్నాడు, ఇంత నలుపా అని నోటి మీద చేయి వేసుకుని. “ఇదంతా మీ పప్పా నుంచేనా?”

“అంతా! ఒక్కసారి కూసుంటేనే!” అంది శ్రీవాణి గర్వంగా. ఆ గర్వమంతా మిషన్ గురించే. ట్యాంకుని ఎండకి ఎత్తి ఊపింది. ఇంకో ఇద్దరు పిల్లలు మెట్ల మీంచి తొంగిచూశారు. ఒకడు ముక్కు మూసుకున్నాడు. అందరూ నవ్వారు. శ్రీవాణి కూడా నవ్వింది.

తలుపులో బాపు నిలబడి ఉన్నాడు. చేతిలో కడిగిన గ్లాసు ఉంది.

“మంచి మిషనే తెచ్చిండ్రు,” అన్నాడు, నవ్వుతూ.

ఆ నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. శ్రీవాణి ట్యాంకునే చూస్తోంది కాబట్టి గమనించలేదు.

మర్నాడు ఎర్ర కుర్చీ తలుపు దగ్గరికి తిరిగొచ్చింది. అందులో బాపు కూర్చున్నాడు.

“సోఫాల కూసో బాపూ!”

“నడుం గుంజుతుంది బిడ్డా. గట్టి కుర్చే మంచిగుంటది.”

ఆ తర్వాతి రోజు నడుం బాగానే ఉంది, కానీ కాళ్లకి చెప్పులున్నాయట. ఆ తర్వాత గాలి తలుపు దగ్గరే బాగా వస్తుందట. బాపుకి మిషన్ మీద నమ్మకం కుదరలేదేమో అనుకుంది శ్రీవాణి. అందుకని రోజూ సోఫాని ఇంకా బాగా తుడిచింది. కుట్ల సందులు కూడా వదల్లేదు. “చూడు బాపూ, ఎంత తెల్లగున్నదో చూడు!” అని పిలిచి మరీ చూపించింది. బాపు చూసి తల ఊపేవాడు. సోఫా తెల్లబడే కొద్దీ ఎర్ర కుర్చీ ఇంకొంచెం గడప వైపు జరుగుతున్నట్టు అనిపించేది. అమ్మ కూరగాయలు తరుగుతూ ఇద్దరినీ చూసేది.

మళ్లీ ఆదివారం వచ్చింది. బయట వాన. అమ్మ శ్రీవాణి తలకి కొబ్బరినూనె బాగా పట్టించి, రెండు జడలు వేసింది. శ్రీవాణి సోఫాకి తల ఆనించి, కాళ్లు చాపి పుస్తకం చదువుకుంది. తర్వాత నీళ్లు తాగడానికి లేచింది.

వంటింట్లో ఉండగానే మిషన్ మోగింది. తిరిగి వచ్చేసరికి శ్రేయస్ చేతిలో గొట్టం ఉంది. పక్కనే అక్షయ్, వాడి పక్కన శ్రీవాణి క్లాసులోనే చదివే ప్రతిభ. వాన వల్ల అందరూ ఇక్కడే చేరారు. సోఫా మీద, తను తల పెట్టిన చోట, పెద్ద నూనె మరక ఉంది. అది సగం పోయింది. శ్రేయస్ చాలా శ్రద్ధగా, అచ్చం అక్క చేసినట్టే, గొట్టాన్ని మెల్లగా లాగుతున్నాడు.

బుడబుడబుడ.

వాడు ట్యాంకు ఊడదీసి రెండు చేతులా ఎత్తాడు.

“చూడుండ్రి! చూడుండ్రి! మా అక్క తల నీళ్లు!”

పసుపుపచ్చగా, మడ్డిగా ఉన్నాయి నీళ్లు. పైన జిడ్డు తేలుతోంది. రెండు పొడవాటి వెంట్రుకలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

“ఈఁ! అంతా నీదేనా, వాణీ?” అంది ప్రతిభ, వెనక్కి జరుగుతూ.

“అంతా! ఒక్కసారి పండుకుంటేనే!” అన్నాడు శ్రేయస్ గర్వంగా. వాడికి అక్కని ఏడిపించాలని లేదు. వాడి కళ్లు ట్యాంకు మీదే ఉన్నాయి.

అక్షయ్ ముక్కు మూసుకున్నాడు. అందరూ నవ్వారు.

శ్రీవాణి కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. చెవులు వేడెక్కాయి. తల మీద ఏదో పాకుతున్నట్టుంది. ఇందాకటి దాకా నున్నగా, చల్లగా ఉన్న జడలు ఇప్పుడు తనవి కానట్టున్నాయి. వాటిని ఎక్కడైనా దాచేయాలనిపించింది. “మంచిగ తీసినవ్ రా,” అని తమ్ముడితో అంది. గొంతు మామూలుగానే ఉంది. ఎక్కడైనా కూర్చుందామని చుట్టూ చూసింది. సోఫా తెల్లగా ఉంది. దాని దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. కాళ్లు వాటంతట అవే ఇంకో వైపు నడిచాయి.

కూర్చున్నాక చూసుకుంది. తలుపు దగ్గర, ఎర్ర కుర్చీలో ఉంది.

ఇక్కణ్నుంచి గది ఎప్పుడూ చూడలేదు. సోఫా ఇక్కణ్నుంచి చాలా పెద్దగా, చాలా దూరంగా కనిపిస్తోంది. టీవీ పక్కన ఆకుపచ్చ మిషన్. దాని గొట్టం సోఫా వైపే చాచి ఉంది, ఎవరు కూర్చుంటారా అని కాచుకుని ఉన్నట్టు. ప్రతిభ, అక్షయ్ ఇంకా ట్యాంకు చుట్టూనే ఉన్నారు. వాళ్లెవరూ తన వైపు చూడటం లేదు.

ఇందాకటి తన మాటే చెవిలో మోగింది: “మంచిగ తీసినవ్ రా.”

దాని వెనకే, ఆ రోజు బాపు అన్న మాట: “మంచి మిషనే తెచ్చిండ్రు.”

శ్రీవాణి ఆ రోజు బాపు ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించింది. గుర్తు రాలేదు. చూస్తే కదా గుర్తుండేది.

వాన తగ్గాక పిల్లలు కిందికి వెళ్లిపోయారు. బాపు డ్యూటీ నుంచి వచ్చేసరికి శ్రీవాణి ఇంకా అదే కుర్చీలో ఉంది. బాపు స్నానం చేసి వచ్చాడు. అప్పటికీ అక్కడే ఉంది.

“ఏంది బిడ్డా, నా కుర్చీల కూసున్నవు?”

“నాకు గీడనే మంచిగుంటది.”

బాపు తువ్వాలుతో మెడ తుడుచుకోవడం ఆపాడు. ఆ మాట ఎక్కడిదో ఆయనకి తెలుసు. వంటింటి తలుపులోంచి అమ్మ తొంగిచూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

“ఏమైంది?”

“ఏం కాలే.” శ్రీవాణి తన జడ చివర రిబ్బను లాగింది. “బాపూ... ఆ నీళ్లు. ఆ రోజు నేను అందరికి చూపెట్టిన గదా.”

బాపు తన గోళ్ల అంచులు చూసుకున్నాడు. “మిషన్ మంచిదే బిడ్డా,” అన్నాడు చివరికి.

“మిషన్ మంచిదే,” అంది శ్రీవాణి. “నేను...”

బాపు చేయి ఆమె తల మీదికి వచ్చింది, నూనె తల మీదికి. ఆ చేయి అక్కడే ఉంది, తుడుచుకోవడానికి ఎటూ పోలేదు.

“ఇగ లే. కాళ్లు గుంజుతున్నయి, నన్ను కూసోనియ్యి.”

“నేను లేవ.”

“మరి నేనేడ కూసోవాలె?”

“గాడ చోటున్నది గదా.” గడ్డంతో సోఫాని చూపించింది. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. “నువ్వు లేపినా లేవ.”

బాపు ఆమె చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయాడు. కుర్చీ కూడా ఆమెతో పాటే లేచింది. ఇద్దరికీ నవ్వాగలేదు. “మొండిపిల్ల!” అంటూ బాపు వెళ్లి సోఫాలో పడ్డాడు. ఈసారి అంచున కూర్చోలేదు.

టీ వచ్చేలోపే ఆయనకి కునుకు పట్టింది. తల పక్కకి వాలి, సోఫాకి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. మెడ మీద చెమట. బొగ్గులో రోజంతా నిలబడి వచ్చిన మనిషి అంత మెత్తగా నిద్రపోవడం శ్రీవాణి ఇంతకుముందు చూడలేదు. ఎంత బాగున్నాడో బాపు, అనుకుంది.

కుర్చీలోంచి చప్పుడు కాకుండా లేచింది. మిషన్ గొట్టం చుట్టింది. రెండు చేతులా ఎత్తి, వంటింటి తలుపు వెనక, చీపురు పక్కన పెట్టింది. అమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది.

మర్నాడు సాయంత్రం బాపు సోఫాలోనే కూర్చుని టీ తాగాడు, టీవీ చూశాడు. తర్వాత లేచి, కూరగాయలు తేవడానికి బజారుకి వెళ్లాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా శ్రీవాణి కదల్లేదు. అప్పుడు తలుపు వెనక నుంచి మిషన్ తెచ్చింది. ముందు పొడిగా దులిపింది. తర్వాత తడి. మిషన్ ఎప్పట్లాగే తన పని చక్కగా చేసింది. మీగడ రంగు తిరిగొచ్చింది.

ట్యాంకు ఊడదీసి, దాని చుట్టూ తువ్వాలు కప్పి, వంటింటి మూలనున్న మోరి దగ్గరికి తీసుకెళ్లింది. శ్రేయస్ వెంటపడ్డాడు.

“ఎంత నల్లగొచ్చినయక్కా? చూపెట్టు!”

శ్రీవాణి నల్లా తిప్పి, ట్యాంకు వంచింది. ఆమె కళ్లు కిటికీ బయట ఉన్నాయి. వానకి తడిసిన రోడ్డు మీద, చేతిలో కూరగాయల సంచితో బాపు ఇంటి వైపు నడిచి వస్తున్నాడు.

“నేను చూడలే,” అంది.